విదేశీ ఎంబీబీఎస్: దేశం పేరు కంటే ముందు తేల్చుకోవలసిన సంగతులు

మీ ప్రశ్నలోని వివరాలను ముందుగా ఒకసారి క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబు మొత్తం వాటి మీదనే ఆధారపడి ఉంటుంది. మీ అమ్మాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ బైపీసీ మంచి మార్కులతో పూర్తిచేసింది. నీట్‌లో 312 మార్కులు వచ్చాయి. కన్వీనర్ కోటాలో సీటు రాదని తేలిపోయింది, మేనేజ్‌మెంట్ కోటా ఫీజు మీ శక్తికి మించినది. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వారు జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ పేర్లు చెప్పి, వారం లోపల ఏదో ఒకటి తేల్చి లక్ష రూపాయలు అడ్వాన్సు కట్టమంటున్నారు. ఈ మూడింటిలో ఏది మేలు, జర్మనీలో ఫీజు లేకుండా వైద్యం చదవవచ్చన్న మాట నిజమేనా, చదువయ్యాక అమెరికా వెళ్లే వీలుంటుందా అన్నవి మీ మూడు సందేహాలు.

నేను ఇంటర్ తర్వాత నేరుగా రష్యా వెళ్లి వైద్యం చదివి వచ్చాను. ఇక్కడి స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కి, ప్రస్తుతం ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తూ, సాయంత్రం వేళల్లో విదేశాల నుంచి తిరిగివచ్చిన పట్టభద్రులకు అదే పరీక్షకు పాఠాలు చెబుతున్నాను. కనుక పిల్లలు ఈ చదువులోకి ఎలా వెళుతున్నారన్నదాని కంటే, ఆరేళ్ల తర్వాత ఏ స్థితిలో బయటపడుతున్నారన్నదే నాకు దగ్గరగా తెలుసు. మీరు ఏ దేశంలో చదివించాలో ఆలోచించే ముందు, ఏ దేశంలో డాక్టరుగా పనిచేయాలనుకుంటున్నదో మీ అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి. ఆ ఒక్క జవాబు దొరికితే, కన్సల్టెన్సీ వారు చూపే పట్టికలో సగం పేర్లు వాటంతట అవే కొట్టివేతకు గురవుతాయి.

మీ రాతను బట్టి, ఆమె తిరిగివచ్చి ఇక్కడే ప్రాక్టీసు చేయాలన్నదే మీ ప్రధాన ఉద్దేశంగా కనిపిస్తున్నది. అలాగైతే మీరు చదవవలసింది యూనివర్సిటీ బ్రోచర్ కంటే ముందు జాతీయ వైద్య కమిషన్, అంటే ఎన్ఎంసీ, 2021 నవంబరు 18న ప్రకటించిన నిబంధనలు. ఆ తేదీ తర్వాత విదేశాల్లో చేరిన ప్రతి విద్యార్థికీ అవి వర్తిస్తాయి. సారాంశం ఇది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. దానికి అదనంగా 12 నెలల ఇంటర్న్‌షిప్‌ను అదే సంస్థలో చేయాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. చదువంతా ఒకే విదేశీ సంస్థలో సాగాలి, అందులో ఏ భాగాన్నీ ఇండియాలో గానీ మరో దేశంలో గానీ చేయకూడదు. చేరిన నాటి నుంచి పదేళ్లలోపు చదువూ ఇంటర్న్‌షిప్ పూర్తికావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ డిగ్రీతో ఆ దేశపు పౌరులకు ఇచ్చే లైసెన్సుతో సమానమైన వైద్య లైసెన్సు పొందే అర్హత మన విద్యార్థికి ఉండాలి.

ఇందులో 54, 12 అన్న రెండు అంకెలను కలిపితే 66 నెలలు, అంటే అయిదున్నర సంవత్సరాలు అవుతుంది. ఈ చిన్న కూడికను మీ కన్సల్టెన్సీ చెప్పిన దేశాల మీద పెట్టి చూడండి. కిర్గిజ్‌స్తాన్‌లో విదేశీ విద్యార్థులకు నడిపే కోర్సు చాలా చోట్ల అయిదేళ్లదే, అంటే 60 నెలలు. ఆపై ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ అదే యూనివర్సిటీ పరిధిలో చేయిస్తామని రాతపూర్వకంగా ఇస్తే తప్ప, ఆ డిగ్రీ మన నిబంధనకు ఆరు నెలలు తక్కువ పడుతుంది. ఫిలిప్పీన్స్‌లో మన ఎంబీబీఎస్ స్థానంలో ఉండే ఎండీ కోర్సు నాలుగేళ్లది, దానికి ముందు బీఎస్ అనే డిగ్రీ పేరుతో చదివేది వైద్యవిద్యలో భాగం కాదు. ఆ బీఎస్ కాలాన్ని లెక్కలోకి తీసుకోబోమని ఎన్ఎంసీ తేల్చి చెప్పింది. నాలుగేళ్లంటే 48 నెలలు, కావలసినది 54. ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదివారు, 2021కి ముందు చేరినవారు తిరిగివచ్చి ఇక్కడ చక్కగా పనిచేస్తున్నారు కూడా. అయితే వారిని చూపించి ఇప్పుడు చేరమనడం సరికాదు, ఎందుకంటే వారు చేరినప్పటి నియమం వేరు, మీ అమ్మాయికి వర్తించే నియమం వేరు. వ్యవధి పెంచామని ఎవరైనా అంటే, ఆ మాట యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద నెలల లెక్కతో సహా రావాలి.

జార్జియాలో కోర్సు ఆరేళ్లది కాబట్టి నెలల చిక్కు అక్కడ తక్కువ. అక్కడ అడగవలసినవి రెండు. ఆరో ఏడాదిలో ఇంటర్న్‌షిప్‌గా చూపేది పూర్తిగా 12 నెలలా, లేక క్లాసులతో కలిసిన కొన్ని వారాల రొటేషన్లా అన్నది మొదటిది. డిగ్రీ చేతికి వచ్చిన రోజున ఆ దేశంలో స్వతంత్రంగా వైద్యం చేయడానికి ఆ పట్టా సరిపోతుందా, లేక ఆపైన రెసిడెన్సీ (ఆస్పత్రిలో పనిచేస్తూ తీసుకునే శిక్షణ), ప్రభుత్వ లైసెన్సు పరీక్ష వంటివి ఉన్నాయా అన్నది రెండోది. కొన్ని దేశాల్లో డిగ్రీకీ లైసెన్సుకూ మధ్య ఇంకొక మెట్టు ఉంటుంది. రష్యాలో ఆరేళ్ల తర్వాత ప్రాథమిక అక్రెడిటేషన్ అనే పరీక్ష నెగ్గితేనే వైద్యుడిగా పనిచేయడానికి వీలవుతుంది, అది రష్యన్ భాషలో జరుగుతుంది. ఇటువంటి మెట్టు ఉన్న చోట మన విద్యార్థి దానిని కూడా ఎక్కి రావలసి ఉంటుందన్నది ఇంటర్ పూర్తిచేసిన పదిహేడేళ్ల పిల్లకు గానీ, తల్లిదండ్రులకు గానీ కన్సల్టెన్సీ టేబుల్ దగ్గర ఎవరూ చెప్పరు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ఎన్ఎంసీ ఆమోదించిన విదేశీ కళాశాలల జాబితా అంటూ ఏదీ లేదు. "ఎన్ఎంసీ అప్రూవ్డ్" అన్న ముద్ర మీకు ఏ కరపత్రం మీద కనిపించినా, దానిని ఆ కరపత్రం ముద్రించినవారి సొంత మాటగానే తీసుకోండి. కమిషన్ చేసేదల్లా నిబంధన చెప్పడం, అప్పుడప్పుడు ఫలానా సంస్థలో చేరవద్దని హెచ్చరిక జారీ చేయడం. బెలీజ్‌లోని కొన్ని సంస్థల విషయంలో, ఉజ్బెకిస్తాన్‌లోని ఒక యూనివర్సిటీ శాఖ విషయంలో అలా హెచ్చరించింది. ప్రపంచ వైద్య పాఠశాలల డైరెక్టరీలో పేరు ఉండడం కనీస అవసరమే గాని, అది మన గుర్తింపుతో సమానం కాదు.

ఇక భాష. ఇంగ్లీషు మీడియం అన్న మాట దాదాపు అన్ని చోట్లా మొదటి రెండు మూడేళ్ల వరకు నిజం. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఇంగ్లీషులోనే చెబుతారు, పుస్తకాలూ అవే. ఆ తర్వాత వార్డులోకి అడుగుపెట్టినప్పుడు రోగి మాట్లాడేది ఇంగ్లీషు కాదు. నేను నాలుగో ఏడాదిలో ఉండగా ఒక కార్డియాలజీ వార్డులో ఒక ముసలావిడ తన గుండె నొప్పి ఎప్పుడు మొదలైందో, మెట్లెక్కితే ఎలా పెరుగుతుందో, ఏ మాత్ర వేసుకుంటే తగ్గుతుందో పది నిమిషాలు ఏకబిగిన చెప్పింది. మా గుంపులో ఆ మాటలు ఇద్దరికే అర్థమయ్యాయి. మిగతావారు మంచం పక్కన వేలాడుతున్న ఈసీజీ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, హాస్టల్‌కు వెళ్లాక యూట్యూబ్‌లో ఆంజైనా పాఠం చూశారు. ఆ ఇద్దరికీ ఆ రోజు ఒక రోగిని చూసిన అనుభవం మిగిలింది, తక్కిన పదిమందికి ఒక ఫొటో మిగిలింది. మీ అమ్మాయి ఏ దేశానికి వెళ్లినా, మొదటి ఏడాది నుంచే ఆ భాషను పరీక్ష గట్టెక్కడానికి కాకుండా మనుషులతో మాట్లాడడానికి నేర్చుకోవాలి. జార్జియన్, రష్యన్, కిర్గిజ్ ఏదైనా సరే, రోజుకొక గంట చాలు. ఈ గంట పెట్టేవారు ప్రతి బ్యాచ్‌లోనూ వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు.

తిరిగివచ్చాక రాయవలసిన స్క్రీనింగ్ పరీక్ష, అంటే ఎఫ్ఎంజీఈ, గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు పెట్టబోయే డబ్బు విలువ చివరికి తేలేది అక్కడే. దీనిని జాతీయ వైద్య పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు సెషన్లుగా నిర్వహిస్తుంది. 300 ప్రశ్నలు, 150 సరైతే ఉత్తీర్ణత, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. వినడానికి తేలికగా ఉంటుంది. అయినా చాలా సెషన్లలో రాసినవారిలో నాలుగో వంతు కూడా దాటరు. 2025 జూన్ సెషన్‌లో ఉత్తీర్ణత 19 శాతం లోపే ఉంది. ఇందుకు పిల్లల తెలివి తక్కువ కావడం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. ప్రశ్నపత్రం కూర్పు చూడండి. మొత్తం 300 మార్కుల్లో 100 అనాటమీ, పాథాలజీ వంటి ప్రీ, పారా క్లినికల్ సబ్జెక్టులవి, 200 క్లినికల్ సబ్జెక్టులవి. కమ్యూనిటీ మెడిసిన్ ఒక్కదానికే 30 మార్కులు ఉన్నాయి, ఫోరెన్సిక్‌కు 10. కమ్యూనిటీ మెడిసిన్‌లో అడిగేది మన క్షయ నిర్మూలన కార్యక్రమం, మన టీకాల పట్టిక, ఆశా కార్యకర్త బాధ్యతలు, ఉపకేంద్రం ఎంత జనాభాకు ఒకటి ఉండాలి వంటివి. ఫోరెన్సిక్‌లో అడిగేది మన చట్టాలు. జార్జియా రాజధాని త్బిలిసీలోనో, కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లోనో ఉన్న ప్రొఫెసరు తన దేశపు ప్రజారోగ్య వ్యవస్థ చెబుతాడే గాని, మన వ్యవస్థ ఎందుకు చెబుతాడు? ఆ 40 మార్కులూ విద్యార్థి తనంత తానుగా చదువుకోవలసినవే.

రెండో కారణం, ఆ దేశాల్లో పరీక్షలు ఎక్కువగా మౌఖికంగా, చిన్న చిన్న భాగాలుగా జరుగుతాయి. ఒక సబ్జెక్టు అయిపోయిందంటే మళ్లీ దాని ముఖం చూసే అవసరం రాదు. ఆరో ఏడాది ముగిసేసరికి మొదటి ఏడాది అనాటమీ పూర్తిగా చెరిగిపోయి ఉంటుంది. నా క్లాసుకు వచ్చే వారిలో బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నరాల అల్లిక) గీయమంటే చేతులు కట్టుకుని నిలబడేవారు ఎక్కువమంది, వారిలో డిప్లొమా మీద పూర్తి మార్కులున్నవారు కూడా ఉంటారు. కనుక మన ఎంబీబీఎస్ విద్యార్థులు చదివే పుస్తకాలను, మన సిలబస్‌ను మొదటి సెమిస్టర్ నుంచే పక్కన పెట్టుకుని చదవాలి. ప్యాకేజీలో "ఎఫ్ఎంజీఈ కోచింగ్ ఉచితం" అని రాసి ఉంటే, అది ఎవరు చెబుతారు, వారానికి ఎన్ని గంటలు, ఆ యూనివర్సిటీ నుంచి గత సెషన్లలో ఎందరు రాస్తే ఎందరు నెగ్గారు అని అడగండి. సంస్థల వారీగా ఎందరు రాశారు, ఎందరు నెగ్గారు అన్న వివరాలను ఎన్‌బీఈఎంఎస్ గతంలో తన వెబ్‌సైట్‌లో పెట్టింది. మీరు చేరదలచుకున్న యూనివర్సిటీ పేరు అందులో వెతకడానికి అరగంట చాలు, ఆ అరగంట తర్వాత కరపత్రాలు చదవాలనే కోరిక సగం తగ్గుతుంది.

ఈ పరీక్ష స్థానంలో నెక్స్ట్ అనే ఉమ్మడి పరీక్ష తెస్తామని 2019 నాటి చట్టంలోనే ఉంది. నేను ఇది రాసే నాటికి అది అమలులోకి రాలేదు, కాని మీ అమ్మాయి తిరిగివచ్చే నాటికి వచ్చి ఉండవచ్చునన్న అంచనాతోనే చదవడం మంచిది. పరీక్ష నెగ్గాక రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్, ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన శాశ్వత రిజిస్ట్రేషన్. అంటే ఆరేళ్ల చదువు, పరీక్షకు కనీసం ఆర్నెల్లు, ఇంటర్న్‌షిప్‌కు ఏడాది, మధ్యలో కాగితాల జాప్యం అన్నీ కలిపితే ఇప్పటి నుంచి ఎనిమిదేళ్లు. పీజీ గురించిన ఆలోచన ఆ తర్వాతి మాట.

ఇక్కడ మిమ్మల్ని తొందరపడకుండా ఆపగలిగే సంగతి ఒకటి ఉంది. విదేశాల్లో వైద్యం చదవడానికి నీట్‌లో అర్హత సాధించడం 2018 నుంచి తప్పనిసరి. జనరల్ అభ్యర్థుల కటాఫ్ 2023లో 137, 2024లో 162, 2025లో 144గా ఉంది కాబట్టి 312తో మీ అమ్మాయికి అర్హత విషయంలో ఏ చిక్కూ లేదు. విదేశీ చదువు కోసం ఆ నీట్ ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. అంటే ఈ వారం కట్టకపోతే అవకాశం పోతుందన్న మాట నిజం కాదు. ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్లీ రాసినా, అప్పుడు కూడా ఇక్కడ సీటు రాకపోతే, ఈ ఏడాది ఫలితంతోనే బయటికి వెళ్లవచ్చు. నా అభిప్రాయం అడిగితే, 312 వచ్చిన పిల్లకు లాంగ్‌టర్మ్ ఒక ఏడాది తప్పకుండా ఇవ్వవలసినదే. రిజర్వేషన్ కేటగిరీ, లోకల్ ఏరియా లెక్కలు కలిసివస్తే మరో వందో, నూటయాభయ్యో మార్కులు దిశను మార్చగలవు. ప్రభుత్వ కళాశాలలో కన్వీనర్ సీటు ఫీజు ఏడాదికి వేలల్లో ఉంటుంది, ప్రైవేటు కళాశాల బీ కేటగిరీలో (మేనేజ్‌మెంట్ కోటాలో) అది పన్నెండు లక్షల చుట్టుపక్కల ఉంటుంది. ఈ తేడాతో పోలిస్తే లాంగ్‌టర్మ్ హాస్టల్ ఖర్చు ఏపాటిది? పైగా ఆ ఏడాది చదివే ఫిజియాలజీ, జెనెటిక్స్ ఎక్కడ చేరినా వృథా పోవు. కటాఫ్ దగ్గర తచ్చాడుతూ నాలుగోసారి రాయబోతున్న విద్యార్థి అయితే నా సలహా వేరుగా ఉండేది. ఆ స్థితిలో విదేశం కూడా ఆలోచించి వేయవలసిన అడుగే, ఎందుకంటే నీట్‌లో ఇబ్బంది పెట్టిన ప్రశ్నల ధోరణే ఎఫ్ఎంజీఈలోనూ ఎదురవుతుంది.

జర్మనీ గురించి: ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. అయితే మన ఇంటర్‌తో వైద్యంలోకి నేరుగా ప్రవేశం దొరకదు. ముందు జర్మన్ భాష నేర్చుకుని, స్టూడియన్‌కొలెగ్ అనే ఏడాది సన్నాహక కోర్సులో వైద్య విభాగమైన ఎమ్ కూర్స్‌లో చేరి, దాని చివరి పరీక్షలో మంచి గ్రేడు తెచ్చుకోవాలి. ఆపైన విదేశీయులకు కేటాయించే స్వల్ప సంఖ్యలోని సీట్లకు పోటీపడాలి. వైద్యవిద్య పూర్తిగా జర్మన్‌లోనే సాగుతుంది, భాషలో సీ1 అనే ఉన్నత స్థాయి కావాలి. చదువు ఆరేళ్ల మూడు నెలలు. ఫీజు లేకపోయినా జీవన వ్యయానికి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు వీసా కోసం చూపవలసి వచ్చింది, ఈ మొత్తాన్ని అప్పుడప్పుడు పెంచుతుంటారు. వీటన్నిటికంటే ముందు ఆలోచించవలసింది బోధనా మాధ్యమం. ఇంగ్లీషులో బోధన జరగాలన్న ఎన్ఎంసీ షరతు ముందు జర్మన్ డిగ్రీ చిక్కుల్లో పడుతుంది. కాబట్టి జర్మనీలోనే స్థిరపడాలని గట్టిగా అనుకునేవారికి ఇది మంచి దారి, తిరిగిరావాలనుకునేవారికి కాదు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే జర్మన్ మొదలుపెట్టిన పిల్లలకు ఒక ఏడాది కలిసివస్తుంది.

ఇటలీ సంగతి మన దగ్గర తక్కువమందికి తెలుసు. అక్కడి కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీలు, పావియా, మిలాన్, బొలోన్యా, రోమ్‌లోని సాపియెన్జా వంటివి, ఇంగ్లీషులో ఆరేళ్ల వైద్య కోర్సు నడుపుతున్నాయి. ప్రవేశం ఐమాట్ అనే పరీక్ష ద్వారా, సాధారణంగా సెప్టెంబరులో జరుగుతుంది. 60 ప్రశ్నలు, 100 నిమిషాలు, సరైన జవాబుకు ఒకటిన్నర మార్కు, తప్పుకు 0.4 కోత. ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తారు కాబట్టి మధ్యతరగతికి భరించదగినదే. ఐరోపా వెలుపలి వారికి సీట్లు వేరుగా, పరిమితంగా ఉంటాయి. వార్డులో రోగులతో ఇటాలియన్‌లోనే మాట్లాడాలి. ఇదీ ప్రధానంగా ఐరోపాలో ఉండిపోవాలనుకునే వారి దారే. తిరిగిరావాలనుకుంటే 12 నెలల విడి ఇంటర్న్‌షిప్ నిబంధన దగ్గర జాగ్రత్తపడాలి.

బ్రిటన్‌కు ఇంటర్ తర్వాత నేరుగా దరఖాస్తు చేయవచ్చు, కాని కోర్సు మొదలయ్యే ముందు ఏడాది అక్టోబరు 15లోపు యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు విధానం ద్వారా పంపాలి. వైద్యానికి నాలుగు యూనివర్సిటీలనే ఎంచుకోవచ్చు. అంతకు ముందు వేసవిలో యూక్యాట్ పరీక్ష రాసి ఉండాలి, తర్వాత ఇంటర్వ్యూలు. విదేశీయుల సీట్లు తక్కువ, ఫీజు ఏడాదికి మన డబ్బులో నలభై లక్షలు దాటడం మామూలే. మేనేజ్‌మెంట్ కోటా ఫీజే మీ శక్తికి మించినది కాబట్టి దీని ప్రస్తావన అనవసరం. బంగ్లాదేశ్, నేపాల్ మాత్రం పరిశీలించదగినవి. బంగ్లాదేశ్‌లో అయిదేళ్ల కోర్సు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్ కాబట్టి 66 నెలల లెక్క సాఫీగా సరిపోతుంది. పుస్తకాలూ, రోగాలూ, వార్డు పద్ధతీ మనవాటికి దగ్గరగా ఉంటాయి. ఖర్చు మాత్రం మధ్య ఆసియా దేశాల కంటే ఎక్కువ, 2024 వేసవిలో జరిగిన అల్లర్లప్పుడు మన విద్యార్థులు ఇళ్లకు తిరిగి రావలసి వచ్చిందన్న సంగతీ గుర్తుంచుకోవాలి. నేపాల్‌లో ప్రవేశానికి ఎంఈసీఈఈ అనే వారి పరీక్ష రాయాలి.

అల్లర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు వేలాది మన విద్యార్థులను ఆపరేషన్ గంగ ద్వారా వెనక్కు తెచ్చారు. ఇక్కడి కళాశాలల్లో చేర్చుకుంటారన్న ఆశ నెరవేరలేదు. చివరికి ఇతర దేశాల యూనివర్సిటీలకు మారే వెసులుబాటును ప్రత్యేకంగా ఆ విద్యార్థులకు ఇచ్చారు. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై గుంపులు దాడి చేశాయి. యూనివర్సిటీ మారే దారి మామూలు పరిస్థితుల్లో మూసి ఉంటుంది కాబట్టి, దేశం ఎంపికలో రాజకీయ నిలకడ కూడా ఒక లెక్కే.

డబ్బు దగ్గరికి వద్దాం. కన్సల్టెన్సీ ఇచ్చే కాగితంలో "మొత్తం ప్యాకేజీ" అని ఒకే అంకె ఉంటే దానిని వెనక్కి ఇచ్చేసి, వరుసల వారీగా రాయించండి: యూనివర్సిటీకి కట్టే ట్యూషన్ ఎంత, హాస్టల్ ఎంత, భోజనం ఎంత, వీసా పొడిగింపు, బీమా, కన్సల్టెన్సీ సొంత రుసుము ఎంత, ఇవి ఏ కరెన్సీలో, ఏడాదికా సెమిస్టర్‌కా. ట్యూషన్ డాలర్లలో ఉంటే రూపాయి జారుడును కూడా లెక్క వేయాలి. 2019లో 70 రూపాయల చుట్టుపక్కల ఉన్న డాలరు 2025కి 85 దాటింది. ఏడాదికి 5,000 డాలర్ల ఫీజు ఆ ఆరేళ్లలో మూడున్నర లక్షల నుంచి నాలుగుంపావు లక్షలు దాటిందన్నమాట, యూనివర్సిటీ ఒక్క డాలరు పెంచకుండానే. ఫీజును మీ బ్యాంకు నుంచి నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపండి, రసీదు విద్యార్థి పేరు మీద తీసుకోండి. కన్సల్టెన్సీకి వారి రుసుము తప్ప మరేదీ నగదుగా ఇవ్వకండి. విద్యారుణం తీసుకుంటే సాధారణంగా ఏడున్నర లక్షలు దాటిన మొత్తానికి బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది, పొలం కాగితాలతో పని జరగకపోవచ్చు కాబట్టి ముందుగానే మేనేజరుతో మాట్లాడండి.

కాగితాల్లో మన తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పొడి అక్షరంతో "కె. శ్రావణి" అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి, నీట్ దరఖాస్తులో మరో వరసలో ఉంటుంది. విదేశీ యూనివర్సిటీ పాస్‌పోర్టును చూసి డిగ్రీ మీద పేరు రాస్తుంది. ఆరేళ్ల తర్వాత ఎఫ్ఎంజీఈ దరఖాస్తులో ఈ మూడు పేర్లూ కలవక, అఫిడవిట్ల చుట్టూ తిరుగుతూ ఒక సెషన్ పోగొట్టుకున్నవారిని నేను చూశాను. పాస్‌పోర్టు ఇంకా తీయించకపోతే పదో తరగతి మెమోలోని పేరును ఆధారంగా చేసుకుని, పొడి అక్షరాన్ని ఎలా విప్పాలో ఇప్పుడే నిర్ణయించి, అన్ని చోట్లా అదే వరసలో రాయించండి. మెమోలకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర), పోలీసు ధ్రువపత్రం, వైద్య పరీక్షలు వంటివి ఏజెంటు లేకుండా కూడా జరిగే మామూలు పనులే.

చివరిగా అమెరికా. ఇంటర్ తర్వాత నేరుగా అక్కడి వైద్య కళాశాలలో చేరడం దాదాపు లేనట్టే, ఎందుకంటే అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష, ఆపైన వైద్యవిద్య, అందులోనూ చాలా కళాశాలలు విదేశీయులను తీసుకోవు. మరో దేశంలో ఎంబీబీఎస్ చదివి రెసిడెన్సీకి వెళ్లడం మాత్రం సాధ్యమే. అందుకు విదేశీ వైద్య పట్టాలను పరిశీలించే ఈసీఎఫ్ఎంజీ ధ్రువీకరణ కావాలి, అక్కడి లైసెన్సు పరీక్షలైన యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1, స్టెప్ 2 సీకే నెగ్గాలి, ఆపై రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్‌లో సీటు రావాలి. స్టెప్ 1లో 2022 జనవరి నుంచి స్కోరు లేదు, ఉత్తీర్ణత మాత్రమే చూపుతారు కాబట్టి స్టెప్ 2 స్కోరుకు విలువ పెరిగింది. చదివిన యూనివర్సిటీకి గుర్తింపునిచ్చిన సంస్థను ప్రపంచ వైద్యవిద్య సమాఖ్య (డబ్ల్యూఎఫ్ఎంఈ) ఆమోదించిందో లేదో వైద్య పాఠశాలల డైరెక్టరీలో ఇప్పుడే చూసుకోండి. జే1 వీసా మీద రెసిడెన్సీ చేస్తే, ముగిశాక రెండేళ్లు స్వదేశానికి రావాలి, లేదా వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతంలో పనిచేసి మినహాయింపు పొందాలి. అమెరికా ఆలోచన గట్టిగా ఉంటే మూడో ఏడాదికల్లా స్టెప్ 1 పుస్తకాలు మొదలుపెట్టాలి. అక్కడి ఆస్పత్రుల్లో పరిశీలకురాలిగా కొన్ని వారాలు గడపవలసి వస్తే దానిని వేసవి సెలవుల్లోనే పెట్టుకోవాలి, కోర్సులో భాగంగా చూపితే చదువంతా ఒకే సంస్థలో సాగాలన్న ఎన్ఎంసీ నిబంధన ఇక్కడ అడ్డం వస్తుంది. ఆ ప్రయాణాలకూ, పరీక్ష ఫీజులకూ అయ్యే మొత్తాన్ని కన్సల్టెన్సీ కాగితంలో ఎవరూ చూపరు కాబట్టి, మీ ఆరేళ్ల ఖర్చు లెక్కలో దానికొక విడి వరుస ఇప్పుడే రాసిపెట్టుకోండి.